ఆరు కాళ్ల స్విచ్చికి మధ్యలో ఏముంది?

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో పిల్లల చేత ఏదో ఒక వస్తువు చేయించే పేజీ ఉంటుందే, దాన్ని నేను వదలకుండా చదువుతాను. పోయిన వారం అందులో బ్యాటరీ బండిని ముందుకీ వెనక్కీ నడిపించడం ఎలాగో చెప్పారు. బొమ్మ చక్కగా వేశారు. ఎర్ర తీగ ఎక్కడికి వెళ్లాలో, నల్ల తీగ ఎక్కడికి వెళ్లాలో తికమక లేదు. కావలసిన సామాన్ల జాబితాలో మాత్రం "మూడు స్థానాల, ఆరు కాళ్ల టాగుల్ స్విచ్ - 1" అని రాసి ఊరుకున్నారు. ఈ ఉత్తరం ఆ ఒక్క వరుస గురించే మొదలుపెట్టాను. రాస్తూ ఉంటే మిగతాది దాని వెనకే వచ్చింది.

నేను 28 ఏళ్లు కంట్రోల్ ప్యానెళ్లకు వైరింగ్ చేశాను. మీ జాబితా చేతిలో పెట్టుకుని ఎవరైనా స్విచ్ కొంటే, వాళ్లకి రెండు రకాల్లో ఏదైనా రావచ్చు. బయటికి రెండూ కవల పిల్లలే. అదే పొడుగు, అవే ఆరు కాళ్లు, లివర్ మూడు చోట్ల టిక్కుమని ఆగడం కూడా అదే. కాళ్లంటే తీగలు అతికే లోహపు రేకులు, మూడేసి చొప్పున రెండు నిలువు వరుసలు. ప్రతి వరుసలో మధ్య కాలు పై కాలితోనో కింది కాలితోనో కలుస్తుంది. ఒకదాంట్లో లివర్ మధ్యలో ఉన్నప్పుడు ఏ కాలూ ఏ కాలితోనూ కలవదు. దీన్ని సెంటర్ ఆఫ్ అంటాం, ఆన్-ఆఫ్-ఆన్ అని రాస్తారు. రెండోదాంట్లో మధ్యలో కూడా కలయిక ఉంటుంది. ఒక వరుస పై కాలిని పట్టుకునే ఉంటుంది, రెండో వరుస అప్పటికే కింది కాలికి వెళ్లిపోయి ఉంటుంది. అది ఆన్-ఆన్-ఆన్. గిటార్లో తీగల కంపనాన్ని పట్టే పికప్‌ల కలయికలు మార్చడానికి అది బాగా పనికొస్తుంది. మీరు వేసిన వైరింగ్‌కి దాన్ని తగిలిస్తే, బండి ఆగాల్సిన చోట బ్యాటరీ షార్ట్ అవుతుంది.

నమ్మకంగా ఎందుకు చెబుతున్నానంటే, నేనూ అదే పని చేశాను కనుక. పనిలో చేరిన రెండో ఏడాది. 12 వోల్టుల గేర్ మోటార్‌తో నడిచే చిన్న ట్రాలీ ఒకటి నాకు అప్పజెప్పారు. మీ బొమ్మలో ఉన్నట్టే బ్యాటరీ ప్లస్ మధ్య ఎడమ కాలికి, మైనస్ మధ్య కుడి కాలికి ఇచ్చాను. పై రెండు కాళ్ల నుంచి మోటార్‌కి. కింది ఎడమ కాలి నుంచి పై కుడి కాలికి ఒక తీగ, కింది కుడి కాలి నుంచి పై ఎడమ కాలికి ఒక తీగ, అడ్డంగా. లివర్ ఒకవైపు వేయగానే ట్రాలీ ముందుకి పోయింది. ఆపుదామని లివర్‌ని మధ్యకి తెచ్చాను, 10 ఆంపియర్ల ఫ్యూజ్ ఠక్కున పోయింది. ఇంకోటి వేశాను, అదీ పోయింది. మోటార్‌ని అనుమానించాను, విప్పి బుష్‌లు చూశాను, బ్యాటరీ మార్చాను. మూడో ఫ్యూజ్ కూడా పోయింది. ట్రాలీ వెనక్కి నడవడం అనేది ఆ రోజు నేను చూడనేలేదు, మధ్య దాటితేగా!

మా మేస్త్రీ పక్క బల్ల మీద తన పని తాను చేసుకుంటూనే, తల ఎత్తకుండా అన్నాడు: "అమ్మాయ్, ఆఫ్‌లో పెడితే ఫ్యూజ్ పోతోందంటే, అది ఆఫ్ కాదన్నమాట."

అంతే సంగతి. స్టోర్ నుంచి నాకు వచ్చింది ఆన్-ఆన్-ఆన్. మధ్యలో ఎడమ వరుస పై ఎడమ కాలి మీదే ఉంది. కుడి వరుస కింది కుడి కాలి మీదికి పోయింది. ఆ కింది కుడి కాలిని నేనే తీగ వేసి పై ఎడమ కాలికి కలిపాను కదా. ప్లస్సూ మైనస్సూ రెండూ వచ్చి ఒకే కాలి దగ్గర కలుసుకున్నాయి. మోటార్‌కి ఏమీ అందలేదు, అందుకని అది పాపం ఆగినట్టే ఉంది. బ్యాటరీ మాత్రం చావు బతుకుల్లో ఉంది. ఆ ఫ్యూజ్ లేకపోతే తీగల తొడుగులు కరిగేవి. మీ బొమ్మలో ఫ్యూజ్ లేదు.

ఇక్కడ ఒక తమాషా ఉంది. అదే తప్పు స్విచ్చితో, మోటార్‌నీ బ్యాటరీనీ చోట్లు మార్చి చూడండి. మోటార్ మధ్య రెండు కాళ్లకి, బ్యాటరీ పై రెండు కాళ్లకి, అడ్డ తీగలు మామూలే. ఇప్పుడు లివర్ మధ్యలో ఉంటే మోటార్ రెండు కొసలూ బ్యాటరీ ఒకే ధ్రువానికి చేరతాయి. షార్ట్ లేదు సరికదా, మోటార్ కొసలు రెండూ ఒకదానికొకటి కలిశాయి కాబట్టి బ్రేక్ వేసినట్టు అక్కడే ఆగుతుంది. పిల్లల బొమ్మకి నేనైతే ఈ వైరింగే ఇస్తాను. పొరపాటు స్విచ్ వచ్చినా ఇల్లు కాలదు. దీనికీ ఒక లోటు ఉంది, దాచకూడదు: ప్రతి వరుసకీ ఒక చివర ప్లస్, ఇంకో చివర మైనస్ కూర్చుంటాయి. పెద్ద కరెంటు ఉన్నచోట లివర్‌ని ఈ కొస నుంచి ఆ కొసకి ఒక్క ఊపున విసిరితే, తెగుతున్న మెరుపు ఆరకుండానే అవతలి కొసని అందుకోవచ్చు. అప్పుడు షార్టే. పెన్సిల్ సెల్స్‌తో నడిచే బండికి ఆ భయం లేదు.

కొనేటప్పుడు తెలుసుకునే దారి తేలిక. తీగలేవీ తగిలించకముందే లివర్‌ని మధ్యలో పెట్టండి. మల్టీమీటర్‌ని బజర్‌లో పెట్టి, మధ్య కాలి మీద ఒక పిన్ను, మూల కాలి మీద ఇంకో పిన్ను. రెండు వరుసలకీ కలిపి నాలుగు సార్లు తాకించాలి. నాలుగు సార్లూ మౌనంగా ఉంటే సెంటర్ ఆఫ్. ఒక్కసారి కూసినా కాదు. కొందరు తయారీదారుల చిన్న స్విచ్‌లకు నంబర్ల మీద కూడా పోల్చుకోవచ్చు. ఎం.టీ.ఎస్. 103 అంటే మూడు కాళ్ల ఆన్-ఆఫ్-ఆన్, 203 అంటే ఆరు కాళ్లది. 102, 202 అయితే మధ్యలో ఆగనివి. నేను మాత్రం నంబర్ చూశాక కూడా బజర్ పెడతాను.

మీటర్ పెట్టినప్పుడు ఇంకో వింత కనబడుతుంది, కంగారు పడొద్దు. లివర్ పైకి ఎత్తితే మామూలుగా కలిసేది కింది కాళ్లు. లోపల అది ఏతంలా ఊగుతుంది, పైన కొస ఇటు వంగితే లోపలి కొస అటు పోతుంది. ఈ సంగతి మరిచి ముందుకి అన్న చోట వెనక్కి అని లేబుల్ వేసిన ప్యానెళ్లు నేనే రెండు పంపాను.

ఇప్పుడు అసలు నా మనసులో ఉన్న దానికి వస్తాను. మూడు స్థానాల స్విచ్ అనగానే అందరూ రెండు కొసల గురించే మాట్లాడతారు. ముందుకి, వెనక్కి. ఆటో, మాన్యువల్. ఎక్కువ వేగం, తక్కువ వేగం. మధ్య స్థానాన్ని దారిలో వచ్చే మెట్టులా చూస్తారు. నేను చూసిన గొడవల్లో చాలా భాగం ఆ మెట్టు మీదే జరిగాయి.

మొదటి ప్రశ్న, చెయ్యి తీసేస్తే ఏమవ్వాలి? కొన్ని సెంటర్ ఆఫ్ స్విచ్‌లు వేసిన చోటే ఉంటాయి. కొన్ని వదలగానే స్ప్రింగ్‌తో మధ్యకి వచ్చేస్తాయి. కేటలాగులో ఆన్ అనే మాట చుట్టూ బ్రాకెట్ గీసి ఉంటే అది చెయ్యి పెట్టినంతసేపే పనిచేసే ఆన్ అని అర్థం. ఒకవైపు నిలిచేది, రెండోవైపు స్ప్రింగ్‌ది కూడా దొరుకుతాయి. బరువు ఎత్తే వించ్‌కి నిలిచే స్విచ్ పెట్టడమంటే కొరివితో తల గోక్కోవడమే. మనిషి కాలు జారి పడినా వించ్ లాగుతూనే ఉంటుంది. అక్కడ రెండువైపులా స్ప్రింగ్ ఉండాలి, చెయ్యి వదిలితే ఆగాలి. బొమ్మ రైళ్ల సరదా ఉన్నవాళ్లకి ఇదే పాఠం ఇంకో రకంగా తెలుస్తుంది. పట్టా మార్చే జంట కాయిళ్ల యంత్రానికి క్షణం పాటు కరెంటు తగిలితే చాలు, పట్టా టక్కున మారుతుంది. నిలిచే స్విచ్ పెట్టి మరిచిపోతే కాయిల్ మాడిన వాసన వస్తుంది.

చెయ్యి సంగతి సరే, కరెంటు పోయి వస్తే? వేసిన చోటే నిలిచే టాగుల్‌కి కరెంటు పోయిన సంగతి తెలియదు. తిరిగి రాగానే మోటార్ తనంతట తాను మొదలవుతుంది. కాంటాక్టర్‌తో (కాయిల్ అయస్కాంతం లాగి పట్టుకునే పెద్ద స్విచ్), పుష్ బటన్‌తో ఉండే స్టార్టర్ అయితే కరెంటు పోగానే కాయిల్ వదిలేస్తుంది, మళ్లీ ఎవరో నొక్కితేనే లేస్తుంది. పళ్లూ బ్లేడ్లూ ఉన్న యంత్రాలకి నేరుగా టాగుల్ పెట్టమని ఎవరు అడిగినా నేను పెట్టలేదు. ఒకాయన నాతో నెల రోజులు మాట్లాడలేదు కూడా.

ఇక ఆటో-ఆఫ్-మాన్యువల్. నీళ్ల పంపు ప్యానెల్ తలుపు మీద కనిపించేది ఇదే. మామూలు వైరింగ్‌లో మూడు కాళ్ల స్విచ్ చాలు. మధ్య కాలికి ఫేజ్. ఆటో కాలి నుంచి ట్యాంకులో నీటి మట్టాన్ని బట్టి కలిసి విడిపోయే ఫ్లోట్ స్విచ్ మీదుగా కాంటాక్టర్ కాయిల్‌కి. మాన్యువల్ కాలి నుంచి ఫ్లోట్‌ని దాటేసి నేరుగా అదే కాయిల్‌కి. మోటార్ అతిగా కరెంటు లాగితే తెంచే ఓవర్‌లోడ్ రిలే కాంటాక్ట్ మాత్రం రెండు దారులూ కలిశాక ఉండే ఉమ్మడి ముక్కలో ఉండాలి. మాన్యువల్ అంటే ఫ్లోట్‌ని దాటడమే, ఓవర్‌లోడ్‌ని దాటడం కాదు. బావి అడుగున నీళ్లు లేనప్పుడు పంపు ఎండిపోకుండా ఆపే ఫ్లోట్ ఇంకోటి ఉంటే, దాన్నీ ఉమ్మడి ముక్కలోనే వేయాలి. నేను చూసిన ప్యానెళ్లలో దాన్ని చాలామంది ఆటో దారిలోనే వేశారు. మాన్యువల్‌లో పెట్టి వెళ్లిన రోజున పంపు సీల్ కాలిపోతుంది.

ఈ వైరింగ్‌లో నాకు ఒక షాక్ తగిలింది, కుడిచేతి బొటనవేలికి. ఫ్లోట్ కేబుల్ దెబ్బతింది, మార్చాలి. పంపు మాత్రం ఆగకూడదన్నారు. సరే, మాన్యువల్‌లో పెడితే ఫ్లోట్‌తో పనే లేదు కదా, ఆటో కాలు తెగే ఉంది కదా అనుకున్నాను. ఫ్లోట్ తీగ చెక్కుతుంటే కొట్టింది. ఆలోచిస్తే అర్థమైంది. ఆటో కాలు వైపు తెగే ఉంది, నిజమే. ఫ్లోట్ అవతలి కొస మాత్రం కాయిల్ దగ్గర మాన్యువల్ తీగతో కలిసే ఉంది. ఫేజ్ ముందు గుమ్మం నుంచి రాలేదు, దొడ్డి గుమ్మం నుంచి వచ్చింది.

ఆ తర్వాత నుంచి నేను అలాంటి చోట మూడు కాళ్లది మానేసి ఆరు కాళ్ల సెంటర్ ఆఫ్ వేశాను. ఇంట్లో ప్యానెల్ ఉన్నవాళ్లు తమ ఎలక్ట్రీషియన్‌కి చూపించుకోవడానికి వివరంగా రాస్తున్నాను. ఎడమ వరుస మధ్య కాలికి ఫేజ్. కుడి వరుస మధ్య కాలి నుంచి, ఓవర్‌లోడ్ మీదుగా, కాయిల్‌కి. పై ఎడమ కాలి నుంచి ఫ్లోట్‌కి వెళ్లిన తీగ పై కుడి కాలికి తిరిగి రావాలి. కింది రెండు కాళ్లనీ ఒక చిన్న తీగతో కలిపేయాలి. ఒక వైపు వేస్తే కరెంటు ఫ్లోట్ మీదుగా వెళ్తుంది, ఇంకో వైపు వేస్తే ఆ చిన్న తీగ మీదుగా. మాన్యువల్‌లో ఫ్లోట్ రెండు కొసలూ తెగిపోయి ఉంటాయి. మధ్యలో పెడితే ఫ్లోటూ కాయిలూ రెండూ వేరైపోతాయి. ఐదు తీగల పని.

అయినా సరే, ఆఫ్‌లో పెట్టాం కదా అని చెయ్యి పెట్టకండి. స్విచ్ మధ్య కాలి దాకా ఫేజ్ వచ్చే ఉంది. కాంటాక్టర్ పై టెర్మినళ్లలో ఉంది. కాంటాక్టర్ లోపలి ముక్కలు అతుక్కుపోతే కాయిల్‌కి కరెంటు లేకపోయినా మోటార్ తిరుగుతూనే ఉంటుంది. తలుపు మీద ఉన్న ఆ లివర్ కాయిల్‌తో మాట్లాడుతుంది, మోటార్‌తో కాదు. పని చేయాలంటే వెనక ఉన్న ఎం.సి.బి. దించాలి, ఎవరూ ఎత్తకుండా చూసుకోవాలి, టెస్టర్‌ని పనిచేస్తోందో లేదో వేరేచోట చూసుకుని మరీ తాకించాలి.

మధ్య స్థానం మోసానికి నాకు తెలిసినంతలో అందమైన ఉదాహరణ హీటర్లది. ఒకే వాటేజీ ఉన్న రెండు హీటర్లని ఆరు కాళ్ల సెంటర్ ఆఫ్‌తో మూడు రకాలుగా నడపొచ్చు. మొదటి హీటర్ ఒక కొస ఫేజ్‌కి శాశ్వతంగా, రెండో కొస ఎడమ మధ్య కాలికి. రెండో హీటర్ ఒక కొస న్యూట్రల్‌కి శాశ్వతంగా, రెండో కొస కుడి మధ్య కాలికి. పై ఎడమ కాలికి న్యూట్రల్, పై కుడి కాలికి ఫేజ్. కింది రెండు కాళ్లూ కలిపేయడం. ఒకవైపు వేస్తే రెండు హీటర్లూ పక్కపక్కన పనిచేస్తాయి, ఒక్కోటి 500 వాట్లయితే మొత్తం 1000. ఇంకోవైపు వేస్తే ఒకదాని వెనక ఒకటి, అప్పుడు వచ్చేది 500 కాదు, 250 వాట్లే. మధ్యలో పెడితే రెండూ చల్లారతాయి. కాగితం మీద చూస్తే ముచ్చటేస్తుంది. చల్లారిన మొదటి హీటర్ ఒళ్లంతా మాత్రం ఫేజ్ ఉంటుంది! వెనక ఫేజ్‌నీ న్యూట్రల్‌నీ రెండిటినీ తెంచే రెండు పోళ్ల మెయిన్ స్విచ్ లేకుండా ఈ వైరింగ్ ఎవరికీ చెప్పొద్దని మా మేస్త్రీ నా చేత ఒట్టు వేయించుకున్నంత పని చేశాడు. అందుకని ఆ మాట కూడా కలిపే రాశాను.

స్విచ్ మీద రాసి ఉండే అంకెల గురించి కొంచెం. చిన్న టాగుల్ మీద 125 వోల్టుల ఏసీకి 6 ఆంపియర్లు, 250 వోల్టుల ఏసీకి 3 ఆంపియర్లు అని తరచుగా కనిపిస్తుంది. అవి ఏసీ అంకెలు. 50 హెర్ట్జ్ ఏసీ కరెంటు సెకనుకి 100 సార్లు సున్నాకి వస్తుంది, కాంటాక్టులు విడిపోతున్నప్పుడు పుట్టిన మెరుపు ఆ సున్నా దగ్గర ఆరిపోతుంది. బ్యాటరీ ఇచ్చే డీసీకి సున్నా లేదు. మెరుపుని సాగదీసి తెంచాలి. డీసీ వోల్టేజ్ పెరిగే కొద్దీ అదే స్విచ్ తెంచగలిగే కరెంటు బాగా పడిపోతుంది. మనం చటుక్కున వేసే స్విచ్‌లు అసలు పుట్టిందే ఈ బాధ వల్ల. న్యూకాజిల్‌కి చెందిన జాన్ హెన్రీ హోమ్స్ 1884లో కనిపెట్టిన స్విచ్‌లో, చెయ్యి ఎంత నెమ్మదిగా కదిలినా కాంటాక్టులు స్ప్రింగ్ బలంతో ఒక్కసారిగా విడిపోతాయి. లివర్‌ని సగంలో బుజ్జగిస్తూ పట్టుకునే అలవాటు ఉన్నవాళ్లు ఆ ఏర్పాటుని పాడుచేస్తున్నట్టే.

మోటార్‌కి ఇంకో లెక్క ఉంది. తిరిగేటప్పుడు 2 ఆంపియర్లు లాగే మోటార్ మొదలయ్యేటప్పుడు దానికి ఎన్నో రెట్లు లాగుతుంది. ముందుకి పరిగెత్తుతున్న డీసీ మోటార్‌ని ఆగకుండానే వెనక్కి తిప్పితే ఇంకా ఘోరం. తిరిగే మోటార్ తనలో పుట్టించే వోల్టేజ్ బ్యాటరీకి ఎదురు నిలిచేది కాస్తా ఇప్పుడు బ్యాటరీతో చెయ్యి కలుపుతుంది, దాదాపు రెండింతల వోల్టేజ్ పడినట్టవుతుంది. మధ్యలో ఆగమని స్విచ్ ఎవరినీ బలవంతపెట్టదు. ఒకసారి ఇలా విసిరి విసిరి ఒక చిన్న స్విచ్‌లో కాంటాక్టులు అతుక్కుపోయాయి. లివర్ మధ్యకి వచ్చి కూర్చుంది, మోటార్ మాత్రం తిరుగుతూనే ఉంది. తీగ పీకాల్సి వచ్చింది.

అందుకని పెద్ద మోటార్‌ని స్విచ్చితో కాదు, రిలేలతో తిప్పాలి. రిలే అంటే చిన్న కరెంటు అందుకున్న కాయిల్ లాగితే పెద్ద కరెంటుని మార్చే స్విచ్. కార్ల కిటికీల అద్దాలు ఎక్కించే దించే పద్ధతిలో రెండు ఐదు పిన్నుల రిలేలు చాలు. వాటిలో 30 ఉమ్మడి పిన్ను, రిలే పడుకున్నప్పుడు అది 87ఎతో, లేచినప్పుడు 87తో కలుస్తుంది; 85, 86 కాయిల్ కొసలు. ఒక్కో రిలే 30వ పిన్నుకి మోటార్ ఒక్కో కొస, 87ఎ మైనస్‌కి, 87 ఫ్యూజ్ మీదుగా ప్లస్‌కి. మూడు కాళ్ల స్ప్రింగ్ సెంటర్ ఆఫ్ మధ్య కాలికి ప్లస్ ఇచ్చి, రెండు కొసల నుంచి రెండు రిలేల 86వ పిన్నులకి తీగలు తీయండి. 85లు రెండూ మైనస్‌కి. చెయ్యి తీస్తే రెండు రిలేలూ పడుకుంటాయి, మోటార్ రెండు కొసలూ మైనస్ దగ్గర కలిసి బ్రేక్ పడుతుంది. ఏ పొరపాటు వల్లనో రెండు రిలేలూ ఒకేసారి లేచినా రెండు కొసలూ ప్లస్ దగ్గర కలుస్తాయి తప్ప షార్ట్ కాదు. స్విచ్ మోసేది రిలే కాయిల్ కరెంటు మాత్రమే. ఇన్నేళ్లలో నాకు బాగా నచ్చిన వైరింగ్ ఏదంటే ఇదే చెబుతాను.

డయోడ్ మాటొకటి చెప్పి ముగిస్తాను. కరెంటుని ఒక్క వైపే పోనిచ్చేది డయోడ్. రిలే కాయిల్ మీద 1ఎన్4007 రకం డయోడ్ అడ్డంగా వేయమని అందరూ చెబుతారు, గీత ఉన్న కొస ప్లస్ వైపు. అది సరైనదే, కాయిల్ వదిలినప్పుడు ఎగిసే వోల్టేజ్‌ని అది మింగుతుంది. అదే అలవాటుతో, దిశ మార్చుకునే మోటార్ మీద కూడా ఒక డయోడ్ వేశాననుకోండి. ముందుకి బాగానే పోతుంది. వెనక్కి వేయగానే డయోడ్‌కి దారి తెరుచుకుంటుంది, బ్యాటరీ మొత్తం దాని మీదుగా పారుతుంది. పొగ. ఇదీ చేశాను. డయోడ్‌కి ఇలాంటి మోటార్‌తో మంచి చోటు ఒకటుంది. పరదానో గేటునో చివరి దాకా వెళ్లాక లిమిట్ స్విచ్ తెంచుతుంది కదా, తెగిన ఆ లిమిట్ స్విచ్ మీద అడ్డంగా మోటార్ కరెంటు మోయగల డయోడ్ సరైన వైపు తిప్పి పెడితే, ముందుకి పోనివ్వదు గానీ వెనక్కి రానిస్తుంది. లేకపోతే గేటు ఒకసారి వెళ్లి అక్కడే ఉండిపోతుంది.

మెట్ల దగ్గర పైనా కిందా దీపం వేసే టూవే స్విచ్ స్థానంలో కూడా ఈ సెంటర్ ఆఫ్ పెట్టిన మహానుభావులున్నారు. కాళ్లు మూడే కదా, సరిపోయింది! కిందివాళ్లు మధ్యలో వదిలేస్తే, పైవాళ్లు ఎన్నిసార్లు టకటకలాడించినా చీకటే.

మీ జాబితాలో ఆ వరుసని ఇలా మార్చి, వచ్చే ఆదివారం మళ్లీ వేయమని కోరుతున్నాను: "ఆరు కాళ్ల టాగుల్ స్విచ్, ఆన్-ఆఫ్-ఆన్ రకం - 1. లివర్ మధ్యలో ఉన్నప్పుడు మధ్య కాళ్లకీ మూల కాళ్లకీ సంబంధం లేదని మీటర్‌తో చూశాకే తీగలు అతకండి." దాని కింద "బ్యాటరీ ప్లస్ పక్కనే ఫ్యూజ్ - 1" అని కూడా చేర్చండి. బొమ్మలో మోటార్ మధ్య కాళ్లకి మారితే ఇంకా మంచిది. సోల్డరింగ్ గురించి మీ పేజీలో ఏమీ రాయలేదు కాబట్టి ఇదొకటి: స్లీవ్‌ని తీగకి ముందే ఎక్కించుకోమని చెప్పండి, కాలి మీద ఐరన్‌ని మూడు సెకన్లకి మించి ఉంచొద్దని కూడా. ప్లాస్టిక్ మెత్తబడి కాలు పక్కకి ఒరిగిందంటే, మధ్యలో ఏముందో మీటర్‌తో మళ్లీ మొదటి నుంచి చూసుకోవాలి.

ఇట్లు,
కంట్రోల్ ప్యానెళ్ల వైరింగ్ చేసి రిటైరైన ఒక పాఠకురాలు